జూలై ఒకటి

జూలై ఒకటో తేదీ వచ్చిందంటే మునిచంద్రకు తల బాదుకోవాలనిపిస్తుంది. ఒకటో తరగతిలో అయ్యవారు ముప్పైమందికీ అదే పుట్టినరోజు వేశాడు. యాభై రెండేళ్లు వచ్చినా ఆ అబద్ధానికి ఇంట్లో కేకు తెస్తూనే ఉన్నారు. అందుకే ఆ రోజు తిరుపతిలోని తన మేడగదిలో తలుపేసుకుని కామిక్స్ ముందు కూర్చుంటాడు. తొమ్మిది వందల పైచిలుకు ఉన్నాయి. చేతులు కడుక్కుని, వేళ్ల సందులు కూడా తువ్వాలుతో తుడుచుకుని, ఒక్కోదాన్నీ కవరులోంచి తీసి, కలరా ఉండ మార్చి, మళ్లీ దూరుస్తాడు. లేనిదల్లా ఒక్కటే. ఆరేళ్లు నిండిన రోజున నాయన కొనిచ్చి, లోపల తేదీ వేసిన మొదటి పుస్తకం. అమ్మ దాన్ని పాత పేపర్లతో పాటు వేసేసిందనుకుని, అసలు పుట్టినరోజు తెలుసుకోవాలని పాత పుస్తకాల అంగళ్లన్నీ గాలిస్తూనే ఉన్నాడు.

భార్య లోకేశ్వరి తలుపు తట్టింది. "వచ్చి కేకు కొయ్యి."

"ఈ పొద్దు నేను పుట్టలేదని ఎన్నిసార్లు చెప్పాల?" అని తలుపు తీసి కసిరాడు. ఆమె వెనకే ఏర్పేడు నుంచి వచ్చిన చెల్లెలు కోమలి ఒక పుస్తకం అతని చేతిలో పెట్టింది. "నా పెండ్లిపెట్టె అడుగున అమ్మ పరిచినట్టుండాదన్నా. నిన్న తుడుస్తా ఉంటే దొరికింది." అట్టను సగం చెదలు తినేశాయి. లోపల నాయన గుండ్రటి అక్షరాలు: "మునిచంద్రకు ఈ దినం ఆరేండ్లు. 1-7-79." రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాడు. "ముప్పైమందిలో నా ఒక్కడికే నిజం రాసినాడే ఆ అయ్యవారు!" అని విసుక్కున్నాడు. లోకేశ్వరి చాకు అందించింది.

"కోస్తాగానీ, ఆ కేకు దూరంగా పెట్టండబ్బా. పుస్తకానికి మరకైతాది."