హాల్వార్ బొటనవేలు

కాలేజీ స్కీ జట్టుకి మైనం పూసే హాల్వార్ ఎవరి మాటా వినడు. పోటీ రోజు పొద్దున్నే గ్లవ్ ఊడదీసి, పిడికెడు మంచు తీసుకుని కుడి బొటనవేలితో నలుపుతాడు. ఆ చలికి తగ్గ మైనం ఎంచి, ఇస్త్రీపెట్టెతో కరిగించి, ఎత్తు ఎక్కేటప్పుడు మంచు మీద పట్టు దొరికేలా స్కీల అడుగున పట్టిస్తాడు. థర్మామీటరు చూడమంటే, "అది మీలాంటి చేతకానివాళ్లకి" అని కసురుకుంటాడు. కిందటి శీతాకాలం కొండ మీద చలికి ఆ వేలు నల్లబడితే నెల్లాళ్లు గుడ్డ చుట్టుకు తిరిగాడు. నయమైందన్నాడు. అందరూ నమ్మారు.

నార్వే విద్యార్థుల ఛాంపియన్‌షిప్పులో అమ్మాయిల జట్టు ఆఖరున వచ్చింది. ఆ జట్టులోని సున్నీవా తన స్కీలు తెచ్చి మైనం గదిలో అతని కాళ్ల దగ్గర విసిరికొట్టింది.

"ఏం పూశావయ్యా వీటికి? ఎత్తు ఎక్కుతుంటే అడుగడుక్కీ వెనక్కి జారాను!"

"కాళ్లలో సత్తువ లేక మైనాన్ని తిడతావేం? నడువు బయటికి!" హాల్వార్ అబ్బాయిల స్కీల మీద ఇస్త్రీపెట్టె తోస్తూనే ఉన్నాడు.

"వాళ్లకీ అదేనా? వాళ్లనీ ముంచుతావా?"

ఇంకో మాట అనబోయి ఆమె ఆగిపోయింది. మైనం వాసనలో చర్మం కాలుతున్న కమురు కలిసింది. కాగిన ఇస్త్రీపెట్టె అంచు, స్కీని అదిమి పట్టిన అతని కుడి బొటనవేలి మీదే ఉంది. హాల్వార్ మాత్రం కళ్లెర్రజేసి ఆమెనే చూస్తున్నాడు.

"ఏం, నోరు పడిపోయిందా?" అన్నాడు, వేలు తియ్యకుండానే.