నోరు తెరవని పిండాలు

“పనికిరానివని మీరు ఏరి పారేశాక మిగిలినవాటిలో కదా నా చేత రంధ్రాలు లెక్కపెట్టించారు! అన్నింటికీ నోరుంది. ఉండక చస్తుందా?”

“గొంతు తగ్గించండమ్మా. చచ్చినవాటిని ఏ ల్యాబులో లెక్కలోకి తీసుకుంటారు?”

“చచ్చాయని ఎవరన్నారు? నిన్న నా కళ్ళారా చూశాను, ఈదుతున్నాయి.”

పక్కగదిలో తొట్లు కడుగుతున్న తమ్ముడు కుళాయి కట్టేశాడు. లోపల అరుస్తున్నది అక్క, సర్దిచెబుతున్నది ల్యాబు పెద్దసారు. చదువు మధ్యలో ఎగ్గొట్టి ఊరిమీద పడి తిరుగుతున్న అతన్ని ఈ పనిలో పెట్టించింది అక్కే.

ఆమె లెక్కల మనిషి. ఆమె చదివిన లెక్కల శాఖ టోపాలజీ, దానికి పొడుగూ లావూ పట్టవు. వస్తువును సాగదీసినా నలిపినా మారని రంధ్రాల లెక్కే కావాలి. అందుకే ల్యాబులో చాటుగా రంధ్రాలమ్మ అనేవారు. “రెండింటికీ ఒకటే రంధ్రమని ఉంగరానికీ పిడి ఉన్న కప్పుకీ తేడా తెలియనిదాన్ని కట్టుకున్నాను” అని బావ బతికున్నన్నాళ్ళూ ఏడిపించాడు.

సముద్రంలో ఒళ్ళంతా ముళ్ళతో ఉండే గుండ్రటి జీవుల పిండాలమీద ఆమె పని. పిండం మొదట బోలుబంతి. ఒకచోట సొట్ట పడుతుంది, లోలోపలికి పాకుతుంది, అవతలి గోడను చీల్చుకుని నోరవుతుంది. బంతి కాస్తా గొట్టమవుతుంది. రంధ్రాల లెక్కలో సున్నా ఒకటవుతుంది. ఆ జీవులు ఎన్ని జాతులుగా చీలినా ఈ దారి మాత్రం తప్పలేదని ఆమె తేల్చింది. ఆమె బతుకంతా ఆ ఒక్క మాటే. వచ్చే నెల అది వ్యాసంగా అచ్చుకు పోతోంది.

నోరు తెరుచుకోని పిండాలను ఫొటో తీయకముందే ఏరి, కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళ సీసాల్లో వేయడం అక్కడి అలవాటు. ఎందుకని ఎవరూ అడగలేదు, అక్కా అడగలేదు. నిన్న ఏరని పళ్ళెం ఒకటి ఆమె కంటబడింది. నోరు లేనివి గుడ్డులోని సొనమీదే బతుకుతూ నిక్షేపంగా తిరుగుతున్నాయి. అవి పాడైనవి కావు, వేరే దారి పట్టినవి.

అక్క బయటికొచ్చి గోడకు ఆనుకుంది. ఆమె అన్నవాహికలో రాచపుండు ముదిరింది. నీళ్ళు తప్ప ఏదీ దిగడం లేదు. డాక్టర్లు చేతులెత్తేశారు.

“విన్నావా?”

“వీధి చివరిదాకా వినపడింది.”

“పెద్దసారు ఆ సీసాలు రేపు పారబోయిస్తాడట.”

“పారబోసేది నేనేగా. కాదంటే ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడుతుంది,” అంది, దాచకుండా.

“ఎందుకక్కా నీకీ గోల? అచ్చవనీ. నీ పేరన్నా మిగులుతుంది.”

“మిగిలి ఏం చేసుకోను? నా తప్పునే నమ్ముకుని ఇంకో పదిమంది బతుకులు తగలేసుకుంటారు.” నవ్వబోతే దగ్గు తెరలుగా వచ్చింది. అది తగ్గాక అతని మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో ఎముకలే తగిలాయి.

“సీసాలు ఇంటికి పట్టుకురా. ఎలా లెక్కపెట్టాలో కూర్చోబెట్టి చెబుతాను. నేను పోయినా ఆపకు. నోరు లేని ప్రతిదానికీ సున్నా వెయ్యరా. నామీద జాలిపడి ఒక్కదానికి కూడా ఒకటి వెయ్యకు.”