తలుపు బయట పెట్టిన సంచి

ఓడలో పని అంటే కామారెడ్డిలో మా వాడకట్టు వాళ్లంతా నేను కెప్టెన్ పక్కన నిలబడి సముద్రాన్ని చూస్తుంటాననుకునేవారు. వాళ్ల నమ్మకాన్ని చెడగొట్టడం ఎందుకని నేనూ ఊరుకునేవాణ్ని. నిజానికి నా పని పెట్టెలు మోయడం. ఎక్కేవాళ్ల పెట్టెలు గదుల ముందు పెట్టాలి, దిగేవాళ్ల పెట్టెలు గదుల ముందు నుంచి తీసుకుపోవాలి. నాలుగేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో చెప్పలేను. ఒక్క సంచి మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. అది మా అక్కది. అందులో ఉన్నవి ఒడి బియ్యం. నా చేత పోయించుకోవాలని ఎల్లారెడ్డి నుంచి సముద్రం దాకా మోసుకొచ్చింది.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు ఒడి బియ్యం పోస్తారు. ఐదు శేర్ల బియ్యానికి పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, రవికె గుడ్డ పెట్టి కొంగులో పోస్తారు. ఆమె వాటిని అత్తగారింట వండి ఇరుగుపొరుగును పిలిచి పెట్టుకుంటుంది. పుట్టింటి గడప దాటేముందు మాత్రం ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి అక్కడే విడిచిపోవాలి. పుట్టిల్లు వట్టిపోకూడదని అలా చేస్తారు. ఇదంతా భర్త బతికి ఉన్నన్నాళ్లే. ఆయన పోయాక ఎవరూ పోయరు, ఆమె కొంగు పట్టదు. ఈ పద్ధతిని తిట్టడానికి ఇప్పుడు నా దగ్గర బోలెడు మాటలున్నాయి. అప్పుడు ఒక్కటీ లేదు.

అక్కకు చివరిసారి అమ్మ పోసింది, 2009లో. కామారెడ్డిలో రైలు పట్టాల వెనక మేం అద్దెకున్న ఒంటి గదిలో. అమ్మ బీడీలు చుడుతూ దగ్గుతూనే ఉండేది, ఆ ఏడే పోయింది. నాన్న సంగతి నాకు ఊహ తెలియకముందే ముగిసింది. నేను గది ఖాళీ చేసి, నాలుగు గిన్నెలు అక్కకిచ్చి, ముంబయి పోయి ఓడ పనిలో కుదిరాను. అలా మా అక్కకు పుట్టిల్లంటే నేనొక్కణ్నే మిగిలాను. ఆ పుట్టింటికి తలుపూ గడపా లేవు.

బావ గల్ఫ్ నుంచి మూత్రపిండాలు చెడి తిరిగొచ్చాడు. వారానికి రెండుసార్లు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించేవారు. ఇంకెన్నాళ్లో చెప్పలేమని డాక్టరు 2012 మొదట్లోనే అనేశాడు. ఆ రోజుల్లోనే ఒకసారి అక్క ఫోన్ చేసి, “నీ ఓడ మన దేశంల ఎప్పుడుంటది తమ్మి?” అని అడిగింది.

చలికాలం సీజన్ అయిపోయాక మా ఓడ ముంబయి రేవు వదిలి కొచ్చికి చోటు మారుతుంది. మూడు రాత్రుల ప్రయాణం, మధ్యలో గోవాలో ఒక ఆగుడు. ఖాళీగా పోవడమెందుకని టికెట్లు చవకగా ఇచ్చేవారు. పనివాళ్లు ఇంటి మనిషిని ఒకరిని తెచ్చుకోవచ్చు. అదే చెప్పాను. “వస్త” అంది అక్క, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. బావ మంచం పట్టినప్పటి నుంచి పక్కనే ఉన్న గాంధారిలో పెళ్లికి కూడా పోని మనిషి. పాపం, విసిగిపోయి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోవాలనుకుంటోందేమో అనుకున్నాను. పక్కన బావ గొంతు వినబడింది: “పోయి రానీ బామ్మర్ది, అవ్వ ఉన్నది గద నన్ను సూసెతందుకు.” మూడో ఏడు వచ్చిందని వాళ్లిద్దరికీ గుర్తుంది. నాకు లేదు.

ముంబయి పక్కన భివండికి పోయే మా వాడకట్టు వాళ్లతో కలిసి రైలెక్కి వచ్చింది. చేతిలో బావ గల్ఫ్ సంచి. జిప్పు సగం ఊడింది. గల్ఫ్‌కు పోయే మా వాళ్లంతా కట్టినట్టే చుట్టూ నైలాన్ తాడు, పక్కన నల్లరంగుతో బావ పేరు, ఎల్లారెడ్డి పేరు. చుట్టూ చక్రాల పెట్టెలు లాక్కుంటూ జనం పోతుంటే నాకు ఒళ్లు మండింది.

“ఈ తాడేందక్కా? అంగడికి పోతున్నమా?”

“జిప్పు ఆగుతలేదు తమ్మి.”

“గింత బరువేంది మరి?”

“బట్టలే” అంది, నా మొహం చూడకుండా.

ఆమెకు కింది అంతస్తులో కిటికీ లేని గది ఇచ్చారు. మొదటి సాయంత్రం పది నిమిషాలు దొరికితే పోయాను. అక్క కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని, సంచి ముందు పెట్టుకుని కూర్చుంది. “జర కూసో తమ్మి. నీతోని ఒక పనుండె” అంది. నా నడుం విరిగిపోతోంది. “రేపు అక్కా, రేపు” అని లేచొచ్చాను. ఏం పని అని కూడా అడగలేదు.

మర్నాడు గోవాలో జనం దిగారు, జనం ఎక్కారు, నాకు తల ఎత్తే తీరిక లేదు. మధ్యాహ్నం కాసేపు పైకి తీసుకుపోయి సముద్రం చూపించాను. ఆమె నీళ్ల వైపు ఒక్కసారి చూసి ఊరుకుంది. “నీ ఇల్లు గిదేనా?” అని అడిగింది. ఇదేనన్నాను. “నీ మంచం ఏడున్నది?” కింద, ఆరుగురం ఒక గదిలో అన్నాను. “ఆడికి నన్ను రానిస్తరా?” రానివ్వరన్నాను. అక్క రెయిలింగు మీది తడిని కొంగుతో తుడుస్తూ నిలబడింది. ఊరు కాని ఊళ్లో బెంగ పెట్టుకుందనుకుని, అన్నం బాగుంటోందా అని అడిగి పనికి పోయాను.

దిగే ముందురోజు నేనే చెప్పాను: “రేపు పొద్దుగాల చాయ తాగే యాళ్లకు సంచి తలుపు బయట పెట్టాలె. ఈ ఎర్ర చీటీ కట్టు. లేటైతే నాకు మాటొస్తది.”

“అంతకంటె ముందు ఒక్కసారి వస్తవా?”

“సూస్త.”

పోలేదు. దిగే రోజు పొద్దున మాకు ఊపిరాడదు. అక్క స్నానం చేసి, తలుపు తీసి పెట్టుకుని కూర్చుందట. పక్క గది ఊడ్చే అమ్మాయి తర్వాత చెప్పింది. వరండాలో సంచులన్నీ బయటికి వచ్చేదాకా చూసింది. తమ్ముడికి మాటొస్తుందని భయపడి ఆఖరుకు తన సంచీ బయట పెట్టింది.

మేం మెట్ల మీద వరసగా నిలబడి పెట్టెలు ఒకరికొకరు విసురుకుంటాం. అలా చేయకూడదు, అందరూ అలాగే చేస్తారు. పైనున్నవాడు “బరువు!” అని అరిచి విసిరాడు. గాలిలో ఉండగానే ఆ తాడు గుర్తుపట్టాను. తాడు నా చేతిలో మిగిలింది, సంచి విచ్చుకుంది. మెట్ల నిండా బియ్యం. పసుపు పొట్లం చిట్లి బియ్యమంతా పచ్చగా అయింది. కుడుకలు దొర్లుకుంటూ పోయి సూపర్‌వైజర్ బూటు దగ్గర ఆగాయి. ఆకుపచ్చ రవికె గుడ్డ నా కాలి మీద పడింది. మూడు రోజుల నుంచి అక్కకు నాతో ఉన్న పనేమిటో అప్పుడు తెలిసింది.

అందరూ నవ్వారు. ఎవరో వంటిల్లు కట్టుకొచ్చారన్నాడొకడు. “ఎవరిది ఇది?” అని సూపర్‌వైజర్ అడిగాడు. చీటీ ఎక్కడో తెగిపోయింది, సంచి మీదున్న బావ పేరు ప్రయాణికుల జాబితాలో లేదు.

“తెలియదు సార్” అన్నాను.

ఉద్యోగం పోతుందని భయపడి అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఉద్యోగం పోయే తప్పేమీ కాదది. సిగ్గేసి అన్నాను. చక్రాల పెట్టెల మధ్య ఆ తాడు కట్టిన సంచి నాదని చెప్పుకోవడానికి సిగ్గు. వండని గింజలు రేవులో దింపనివ్వరు, ఊడ్చి పారేయమన్నాడు. చీపురు నేనే తీసుకున్నాను. ఎత్తేకొద్దీ మెట్ల మూలల్లోంచి ఇంకా వచ్చాయి. చేత్తో ఎత్తి నల్ల సంచిలో వేశాను. కుడుకలు, రవికె గుడ్డ మాత్రం ఎవరూ చూడకుండా అక్క సంచిలో పెట్టి తాడు కట్టాను.

మధ్యాహ్నం కొచ్చి రేవులో సంచి అందించాను. అక్క ఎత్తి చూసింది. మళ్లీ కింద పెట్టింది. నా చేతుల వైపు చూసింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

“జిప్పు పోయిందట అక్కా. బియ్యమో ఏమో పడిపోయినయంట.”

“పోనీ తమ్మి. ఓడల తిండి ఎట్లుంటదోనని తెచ్చుకున్న” అంది అక్క.

నన్ను కాపాడటానికి ఆమె ఆడిన ఆ అబద్ధాన్ని వెంటనే పుచ్చుకున్నాను. ఒడి బియ్యమేనా అక్కా అని ఒక్క మాట అడిగుంటే అక్కడే, రేవు బయట ఏ దుకాణంలోనో శేరు బియ్యం కొని, ఆ ఎండలోనే ఆమె కొంగులో పోసి ఉండేవాణ్ని. అడగలేదు. సికింద్రాబాద్ రైలెక్కించాను. కిటికీలోంచి “సెలవు ఎప్పుడిస్తరు?” అంది. దసరాకి అన్నాను. ఈసారి పోస్తాను, ఘనంగా పోస్తానని మనసులో అనుకున్నాను. “జల్ది రా తమ్మి” అంది. రైలు కదిలింది.

వానాకాలంలో బావ పోయాడు. ఓడ దూరాన ఉంది, నేను ఎల్లారెడ్డి చేరేసరికి పదకొండో రోజు కూడా దాటింది. అక్క నుదురు చూడలేక బావ వాళ్ల అమ్మ పక్కన కూర్చున్నాను. ఆ ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఓడల పోసిన ఒడి బియ్యం వండి పెట్టింది కొడుకా. బుక్క మింగుడు పడనోడు ఆ దినం ఇంక పెట్టుమన్నడు. నా బామ్మర్ది మర్వలేదని వచ్చినోళ్లకల్ల చెప్పుకున్నడు.”

పొయ్యి దగ్గరున్న అక్క ఇటు తిరగలేదు. నేను పోయని బియ్యం తిని, నన్ను మెచ్చుకుని, బావ పోయాడు. ఆ రాత్రి ఉండకుండా కామారెడ్డి బస్సెక్కి పారిపోయాను.

2014లో ఓడ పని మానేశాను. కామారెడ్డిలోనే ఒక పార్సిల్ ఆఫీసులో పెట్టెలు మోసే పని దొరికింది. బస్టాండు వెనక రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. ఇంట్లో దిగిన రోజున అక్క పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సులో వచ్చింది. నేను అప్పటికే బియ్యం బస్తా, పసుపు, రవికె గుడ్డ తెచ్చిపెట్టాను. గుమ్మంలోనే చెప్పేశాను.

“ఒడి బియ్యం పోస్త అక్కా. ఎవ్వలేమన్న అననీ.”

అక్క కొంగు భుజాల చుట్టూ గట్టిగా కప్పుకుంది. “వద్దు తమ్మి. నాకు ముట్టినయి.”

“ముట్టలే. నేనే ఊడ్చి పారేసిన. నీ సంచి నాది కాదన్న.”

“ఎర్కనే” అంది. “ఆ దినం నీ గోర్లకు పసుపుండె.”

నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లవాణ్ని, గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్క లోపలికొచ్చి కూర్చుని, తన చేతిసంచిలోంచి ఆకుపచ్చ మూట తీసింది. ఓడ మెట్ల మీద నా కాలి మీద పడిన రవికె గుడ్డే. కుట్టించుకోలేదు. ముడి విప్పితే లోపల బియ్యం, పసుపు వెలిసి తెల్లబడినవి, అక్కడక్కడ పురుగు పట్టినవి.

“ఓడకెల్లి వచ్చిన దినం టేషన్ల దిగి ఈడనే బియ్యం కొన్న. పసుపు కలుపుకొని పోయిన. మీ బావకు ఎట్ల చెప్పుదు, పోయలేదని?” అంది. “ఐదు పిడికిళ్లు తీసి పక్కకు పెట్టిన. పుట్టింట్ల విడువాలె గద. విడుద్దామంటె నీకు ఇల్లు లేకపాయె.”

“బియ్యం డబ్బ ఏడున్నది?” అని అడిగింది. డబ్బా ఇంకా కొనలేదు. ఆమె ఒడి కోసం నేను తెచ్చిన బస్తా ఒక్కటే ఉంది. అక్క దాని మూతి విప్పి, పిడికిలి తర్వాత పిడికిలి, ఐదూ అందులో పోసింది.