అరచేత్తో మూసి చూసిన పాట

మా బ్యాండ్ మాస్టరు పోయారన్న కబురు మంగళవారం పొద్దున, నేను దుకాణంలో తౌడు బస్తా మూతి విప్పుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది యాదగిరి, మా బ్యాండ్‌లో మొదటి ట్రంపెట్ వాయించే అబ్బాయి. "అక్కా, మాస్టర్ సాబ్ ఇగ లేడు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నడట, గట్లనే ఒరిగిండట" అన్నాడు. ఎదురుగా నిలబడ్డ రైతు ఏమైందమ్మా అంటే ఏం లేదని చెప్పి, తౌడు తూచి పంపించి, అప్పుడు లోపలికి వెళ్లి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే నా మనసు వచ్చే ఆదివారం మీదికి పోయింది. ఇక మాకు పాట ఎవరు ఎంచుతారు?

మనిషి పోతే పాట గోలేమిటని మీకు అనిపించవచ్చు. మా సంగతి వేరు. మా బ్యాండ్‌లో పెళ్లిళ్లలో ఆరితేరిన వాళ్లున్నారు, నిన్నగాక మొన్న ఊదడం మొదలుపెట్టిన వాళ్లూ ఉన్నారు. పాట ఒక్కటి తప్పు ఎంచితే సగంమంది వాయించలేక ఇంటి దారి పడతారు. ఆ సగంలో మొదట లేచేది నేనే.

మాస్టరు పటాన్‌చెరు పక్క పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టారు. వయసులో ఉండగా మిలిటరీ బ్యాండ్‌లో చేరి, పొద్దున కవాతు పాటలు, సాయంత్రం మెస్‌లో జాజ్ వాయించారు. తిరిగొచ్చి భానూర్ వైపు ఫిట్టరు పని చేసి రిటైరయ్యారు. ఆ వయసులో అందరూ మనవలతో కాలక్షేపం చేస్తారు. ఈయన మాత్రం ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు, డ్రమ్ములు అన్నీ కలిసి ఊగుతూ వాయించే బిగ్ బ్యాండ్ కావాలని పట్టుబట్టారు. పెళ్లి మేళాల్లోంచి కొందరిని, చర్చిలోంచి కొందరిని, బొల్లారం కంపెనీ బస్సుల్లోంచి మరికొందరిని పోగేశారు.

ముత్తంగి దగ్గర మాకో గోదాం ఉంది. దాని కోసం వచ్చారు మొదటిసారి. "సేటమ్మా, ఆదివారం పగటిపూట మీ గోదాం కిరాయికిస్తరా? బస్తాలు జరుపుడు అక్కర్లే. గవి ఉంటేనే మంచిది, చప్పుడు మింగుతయ్" అన్నారు. మా ఆయన నవ్వి తాళంచెవి ఇచ్చేశారు.

బస్తాలు ఏమీ మింగలేదు. పక్క గోదాముల వాళ్లు నా ప్రాణం తీస్తుంటే, జెర చప్పుడు తగ్గించమని గట్టిగా చెప్పి వద్దామని ఒక ఆదివారం బయల్దేరాను. లోపల ఒక మూల బస్తా మీద పెద్ద వాయిద్యం ఒకటి పడి ఉంది. బారిటోన్ శాక్సోఫోన్ అట. అంత బరువు మెడకు తగిలించుకునేవాళ్లు లేక అలా పడుకోబెట్టారు. నేను నోరు తెరిచే లోపే, "సేటమ్మా, జెర గది ఎత్తుండ్రి, మీకు బస్తాలెత్తుడు అలవాటే గద" అన్నారు మాస్టరు. ఎత్తాను. ఊదమన్నారు. ఊదాను. దూడ కోసం గేదె అరిచినట్టు ఒక్క అరుపు వచ్చింది. గోదాం అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. చెవి ఇటు వంచి విని, "గా స్వరం నిండుగున్నది బిడ్డా. వచ్చే వారం పాటల గా ఒక్క స్వరమే నీ వాటా" అన్నారు.

నేను వెళ్లింది దేనికో మరిచిపోయి ఇంటికొచ్చాను. మా అత్తగారు విని, "ఇన్నేండ్లు పొయ్యి ఊదింది చాలదా, ఇగ గిదొకటా?" అన్నారు. చాలలేదు మరి. పెళ్లయినప్పటి నుంచి కోడలినో సేటమ్మనో తప్ప ఇంకేమీ కాని నాకు, ఆ గోదాంలో ఒక స్వరం దొరికింది.

వాటా అన్నది మాస్టరు మాట. బిగ్ బ్యాండ్‌లో ఒక్కో పాటను ఏ వాయిద్యం ఏ ముక్క వాయించాలో పంచి రాస్తారు. ఒకే పాటకు సులువు పంపకం ఉంటుంది, ప్రాణం తీసే పంపకమూ ఉంటుంది. దుకాణంలో చీర ఎంచినట్టు పాట పేరు చూసి ఎంచుతారనుకునేదాన్ని. ఆయన పేరే చూసేవారు కాదు. కాగితాలు రాగానే చివరి పేజీ తిప్పేవారు. "మొదటి పేజీ అందరు వాయిస్తరు బిడ్డా. పెదవులు అలిసినంక ఏమడుగుతున్నడో సూడాలె. మనోళ్లు డ్యూటీ దిగి వస్తరు, పెదవులు గూడ డ్యూటీ దిగే వస్తయ్" అనేవారు.

తర్వాత చెయ్యి వచ్చేది. అన్ని వాటాలూ ఒకదాని కింద ఒకటి వరుసలుగా ఉన్న పెద్ద కాగితం మీద, ఒక వరుసను అరచేత్తో మూసేవారు. "సుఖ్‌దేవ్‌కు షిఫ్టు మారింది, రాలే. పాట నిలబడుతదా?" అని మిగతాది సన్నగా హమ్ చేసుకునేవారు. సుఖ్‌దేవ్ మా డ్రమ్ముల అబ్బాయి, బిహార్ నుంచి వచ్చి బొల్లారం మందుల కంపెనీలో పని చేస్తాడు. అలా ఒక్కొక్కరి వరుసా మూసి చూసి, ఎవరు రాకపోయినా కూలిపోని పాటనే మా ముందు పెట్టేవారు. ఆలస్యంగా వచ్చిన షిఫ్టు వాళ్లను ఎన్నడూ ఏమీ అనలేదు. దుకాణం మూసి తీరిగ్గా వచ్చే నన్ను మాత్రం వదిలేవారు కాదు.

ఈ పద్ధతి యాదగిరికి పడేది కాదు. వాడి పై స్వరాలు వింటే పెళ్లికొడుకు కూడా గుర్రం దిగి చూస్తాడు. ఒకసారి ఎక్కడినుంచో మహా కష్టమైన పంపకం పట్టుకొచ్చాడు. మాస్టరు చివరి పేజీ చూసి, నా వరుస మూసి, సుఖ్‌దేవ్‌ది మూసి, ట్రాంబోన్లు మూసి, "ఇగ ఏం మిగిలింది?" అన్నారు.

"నేనున్న గద సార్."

"నువ్వొక్కనివే అయితే బ్యాండెందుకురా? తానం చేసుకుంట పాడుకో."

అందరూ నవ్వారు గానీ వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గీ పిల్లల పాటలు వాయించుకుంట నేనెట్ల ఎదగాలె సార్? మంచిగ వాయించెటోళ్లం వేరేగ పెట్టుకుంటం" అన్నాడు. వాడు పోతే వాడి వెంట మరో నలుగురు పోతారు. వాడి బాధ కూడా నిజమే.

మరుసటి ఆదివారం మాస్టరు మామూలు కన్నా సులువైన పాట తెచ్చారు. దాని నడిమధ్యలో మేమంతా రెండే స్వరాలు పట్టుకుని నిలబడాలి. యాదగిరి కాగితంలో ఆ చోట ఏమీ రాసి లేదు. "గీడ ఖాళీ జాగ. నీకెంత వస్తే గంత కట్టుకో" అన్నారు. వాడు రెచ్చిపోయి మొదలుపెట్టి, సగంలోనే వచ్చిందంతా అయిపోయి, ఏం వాయించాలో తెలియక నిలబడిపోయాడు. మాస్టరు చాలా మెల్లగా చెప్పారు. "కష్టం పాటల దాక్కోవచ్చురా. సులువు పాటల దాక్కోనీకి జాగుండది."

యాదగిరి ఎక్కడికీ పోలేదు. తర్వాత తర్వాత ఆ ఖాళీ జాగాలో వాడు వాయించింది వింటూ, కింద నా రెండు స్వరాలు పట్టుకుని నిలబడడం నా బతుకులో నాకు దక్కిన పెద్ద గౌరవం.

మాస్టరు మాత్రం అందరికన్నా వెనక, నాలుగో ట్రంపెట్ కుర్చీలో కూర్చునేవారు. ఒకనాడు నేను కాస్త ముందుగా వెళ్తే, యాదగిరి తెచ్చిన ఆ కష్టమైన పాటనే ఒక్కరే కూర్చుని వాయించుకుంటున్నారు. ఒక్క స్వరం తొణకలేదు. బస్తాల మధ్య అలా నిలబడిపోయాను. ఇంత బాగా వచ్చే పాట మాతో ఎందుకు వాయించరని అడిగితే, ట్రంపెట్‌లోని తడి దులుపుకుంటూ "నా ఒక్కనికే వస్తది గద" అన్నారు.

ఆయన పోయాక వచ్చిన ఆదివారం అందరూ గోదాంకు చేరారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు కూడా నిద్ర మానుకుని వచ్చారు. సంగారెడ్డిలో కార్మికుల సభకు ఒక పాట ఒప్పుకుని ఉన్నాం, మాస్టరు పోయే ముందు స్వయంగా పంచి రాసింది. యాదగిరి సంచి విప్పుతుంటే నాకు భయం పట్టుకుంది. దాని బదులు ఏ కష్టమైన పాటో తీస్తాడని, ఇక్కడితో నా శాక్సోఫోన్ మళ్లీ బస్తా మీదికి పోతుందని. వాడు ఆ పాట కాగితమే తీసి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వే సూడక్కా. నీకు నిలబడితే అందరికి నిలబడుతది."

చివరి పేజీ తిప్పాను. సుఖ్‌దేవ్ వరుస మూసి చూశాను, నిలబడింది. యాదగిరిది మూశాను, నిలబడింది. అన్నిటికన్నా చివర నాలుగో ట్రంపెట్ వరుస మీద అరచేయి పెట్టి హమ్ చేశాను. ఎక్కడా ఒక్క స్వరం తగ్గలేదు. నమ్మలేక మొదటి పేజీ నుంచి మళ్లీ చూశాను. ఆయన వాయించాల్సిన ప్రతి ముక్కా మాలో ఎవరో ఒకరి వాటాలో ముందే ఉంది. ఒకటి రెండు చోట్ల నా వాటాలో కూడా ఉంది. ముందే తెలిసి అలా రాశారని నేను అనను. అందరి వరుసల లాగే తనదీ మూసి చూసుకుని ఉంటారు, అంతే. కానీ ఆ క్షణంలో మాత్రం, ఆయన లేక ఈ పాట కూలిపోతే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

"ఏమైతుందక్కా?" అన్నాడు యాదగిరి.

"నిలబడతది" అన్నాను.

సుఖ్‌దేవ్ కర్రలు తట్టి లెక్క మొదలుపెట్టాడు. శాక్సోఫోన్ ఎత్తుకుందామని కాగితం మీంచి చెయ్యి తీశాను. రేకుల కప్పు వేడికి చేతికి చెమట పట్టినట్టుంది, ఆయన వరుస మీద నా అరచేయంత మేర తడిసింది. అది ఆరకముందే వాయించడం మొదలుపెట్టాం.