నా కుర్చీలో సూర్యారావు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. శ్రీకాకుళం నుంచి వచ్చి, బన్సీలాల్‌పేట్‌లో గది తీసుకుని కంప్యూటర్ కోర్సు చేశాను. విదేశంలో వర్క్ పర్మిట్ రావాలంటే రెండేళ్ల అనుభవం ఉండాలన్నారు. నాకు ఒక్క రోజు కూడా లేదు. ఓ కన్సల్టెన్సీ ఆయన ఏదో కంపెనీ పేరు మీద అనుభవం సర్టిఫికెట్ పుట్టించి ఇచ్చాడు. అది జతచేసి దరఖాస్తు కూడా పెట్టించాడు.

“పర్మిట్ వాళ్లు ఆ కంపెనీకి ఫోన్ చేసి వాకబు చేస్తే మేం చూసుకుంటామండీ. మీరు మాత్రం ఆ ఆఫీసు వైపు వెళ్లకండి,” అన్నాడు.

ఉండబట్టలేక ఓ మధ్యాహ్నం సర్టిఫికెట్ మీదున్న మెట్టుగూడ చిరునామాకి వెళ్లాను. మేడ మీద ఒకటే గది. గుమ్మంలో టీ గ్లాసులు కడుగుతున్న ఆవిడని, “ఇక్కడ సూర్యారావు అనే ఆయన ఉన్నారా?” అని నా పేరే చెప్పి అడిగాను.

“ఉన్నడు. నెల సంది రోజూ వస్తుండు. గా మూల కుర్చీ సార్‌దే,” అంది.

గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాను. అంతలో లోపల ఫోన్ మోగింది. మూల కుర్చీలో ఉన్న నా వయసు కుర్రాడు తీశాడు.

“ఎస్, సూర్యారావు స్పీకింగ్.”

మా నాన్న పేరు, మా ఊరు, నేను పుట్టిన తేదీ తడుముకోకుండా చెప్పాడు. అతని ముందు రెండేళ్ల హాజరు పట్టీ తెరిచి ఉంది. ప్రతి గడిలోనూ నా సంతకమే, చివర నేను తిప్పే మెలికతో సహా.

ఫోన్ పెట్టేసి నావైపు చూశాడు. “మీ పేరేందన్నా?”

నోరు తెరిచాను. పేరు బయటికి రాలేదు.

మర్నాడే దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు తిరుమలగిరిలో ఓ బడిలో లెక్కలు చెబుతున్నాను. రోజూ పొద్దున టీచర్ల హాజరు పట్టీ తెరిచినప్పుడు, నా గడి ఇంకా ఖాళీగానే ఉందా అని ముందు చూసుకుంటాను.