సైరన్ కొడితే ఉరకాల్నా, తినాల్నా

గుమ్మడిదల దాటి బస్సు ఫ్యాక్టరీల వైపు మళ్లగానే, ముసురు పట్టిన రోజుల్లో, కిటికీలోంచి ఒక ఘాటు వాసన లోపలికి వస్తుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మాణయ్య సార్ గుర్తొస్తారు. అంత మంచి మనిషిని ఇలాంటి వాసనతో తలచుకోవడమేమిటని నాకే నవ్వొస్తుంది. ఏం చేయను, ఆయనతో పనిచేసిన రోజులన్నీ ఈ గాలిలోనే గడిచాయి.

ఆయన మా మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ మేనేజర్. భానూర్‌లో పొలాలున్న కుటుంబం. అన్నదమ్ములు వ్యవసాయంలో ఉండిపోతే ఈయన చదువుకుని కంపెనీకి వచ్చారు. నేను సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయిని, ఆయన కింద సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులకు జాగ్రత్తలు చెప్పడం మా పని. మొదటి రోజు నాకొచ్చిన ఇంగ్లీషంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. సార్ నన్ను పక్కకు పిలిచి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. గని ఎవలికి చెప్పినవ్?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆయన చెబుతుంటే, ఏం పొడుస్తారో చూద్దామని నిలబడ్డాను. ఒడిశా నుంచి వచ్చిన యువకులతో హిందీలో మొదలుపెట్టారు. అబ్బ, ఏం హిందీ అది! వాళ్లు పకపకా నవ్వారు. ఆయనా నవ్వి, ఎక్కడ తప్పిందో వాళ్లనే అడిగి దిద్దుకున్నారు. తర్వాత డ్రమ్ము మూత ఎలా విప్పాలో వాళ్లచేతే చెప్పించారు. ఆ రోజు ఎవరూ ఊరికే తలూపలేదు.

మా ఫ్యాక్టరీలో ఒక అలవాటు ఉండేది. సైరన్ పనిచేస్తోందో లేదోనని రోజూ మధ్యాహ్నం ఒకసారి మోగించేవాళ్లం. పోనుపోను పక్క ఊరికి అదే భోజనాల గంట అయిపోయింది. సైరన్ వినగానే చేలల్లో కూలీలు పని ఆపి సద్ది మూటలు విప్పుకునేవారు. ఊరికి ఉపకారం చేస్తున్నామని మేమూ మురిసిపోయేవాళ్లం. ఒక మధ్యాహ్నం నిజంగానే పైపు పగిలి గ్యాస్ బయటికి వచ్చింది. సైరన్ కొట్టాం. గోడ అవతల పత్తి చేలో ఆడవాళ్లు తీరిగ్గా చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. సార్ గేటు దాటి కేకలు వేస్తూ పరుగెత్తారు, వెనకే నేను. గాలి వాటున కాకుండా పక్కకు వాళ్లను తరిమాం. కళ్ల మంటలతో, దగ్గుతో బయటపడ్డారు. ప్రాణాలు పోలేదు, అదే పదివేలు.

సాయంత్రానికి ఊరు భగ్గుమంది. సార్‌కు పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అది ఉత్త డ్రిల్ అని చెప్పమన్నారు, నిజం ఒప్పుకుంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోమన్నారు. సార్ పిల్లలు అప్పటికింకా చదువుల్లోనే ఉన్నారు. నాకు భయమేసి, ఎలాగోలా సర్దిచెబుదామన్నాను. ఆయన కోప్పడలేదు.

"ఇయాల డ్రిల్ అన్నమనుకో, రేపు నిజంగ కొట్టినా డ్రిల్లే అనుకుంటరు. అప్పుడు సచ్చేది మనం కాదు బిడ్డా," అన్నారు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు జనం మూగారు. సార్ మైకు ముట్టుకోలేదు. ముందు వాళ్లను మాట్లాడనిచ్చారు, తిట్లన్నీ అయ్యేదాకా నిలబడే ఉన్నారు. మధ్యలో జవాబు చెప్పాలని నా నోరు ఒకటే దురద. ఆయన కళ్లతోనే ఆపారు. ఆ తర్వాత, పైపు పగిలింది నిజమేనని, సైరన్‌ను అన్నం గంట చేసింది తామేనని చెప్పారు. ఒక్క మాటా మెత్తబరచలేదు. అప్పుడు బాలమణి లేచింది. నిన్న ఆ చేలో అన్నం ముందు నుంచి మేం లేపినవాళ్లలో ఆమె ఒకతె.

"అయితె సార్, ఇగ సైరన్ కొడితే ఉరకాల్నా, తినాల్నా? గది చెప్పు," అంది.

"ఉరకాలె. ఇగ ఉత్తగ కొట్టం. పరీక్షకు కొట్టేదుంటె, ఒకరోజు ముందుగాల నేనే మీ ఇండ్లకాడికొచ్చి చెప్త. చెప్పకుంట మోగిందంటె నిజమే."

ఉద్యోగం పోలేదు గానీ పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. రిటైరయ్యేదాకా ఆయన అదే కుర్చీలో ఉన్నారు. పరీక్ష ఉన్నప్పుడల్లా ముందురోజు ఇల్లిల్లూ తిరిగారు. టీ ఇస్తే తాగారు, తిడితే విన్నారు. ఆ మనిషిని చూసి నేను ఎంత గర్వపడ్డానో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేరు. ఆ కుర్చీ నాది, ఆ ఇళ్ల చుట్టూ తిరగడమూ నాదే. ఇంట్లోనైనా అంతే, ఎవరికైనా కష్టమైన సంగతి చెప్పాల్సొస్తే ముందు వాళ్లను మాట్లాడనిస్తాను.

మొన్నీమధ్య వైరు కాలి సైరన్ దానంతటదే మోగింది. గేటు బయటికి పరుగెత్తాను. చేలో ఒక్కరూ లేరు. అందరూ అప్పటికే దూరంగా రోడ్డెక్కారు. బాలమణి రొప్పుతూ నిలబడి ఉంది. ఏమీ కాలేదని, వైరు కాలి మోగిందని, ఊరికే పరుగెత్తించామని ఉన్నదున్నట్టు చెప్పి, తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిన్న నువ్వొచ్చి చెప్పలె గద బిడ్డా. గందుకే ఉరికినం," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ మాట వినాల్సింది ఆయన.