రామగుండం ఎండ, ఓమా కేకు

ఆ రోజుల్లో నేను దేనికీ భయపడేవాణ్ని కాదని చెబితే అబద్ధమవుతుంది. జర్మన్ వ్యాకరణమంటే భయం, ఆదివారం పూట ఇంట్లో చప్పుడు చేయాలంటే భయం, ప్లాస్టిక్ చెత్తను కాగితాల డబ్బాలో వేసేస్తానేమోనని మరీ భయం. ఒక్క ఎండంటే మాత్రం లెక్కలేదు. మాది రామగుండం. ఒక పక్క బొగ్గు గనులు, ఇంకో పక్క కరెంటు తయారుచేసే పొగగొట్టాలు, నెత్తిన సూర్యుడు. మే నెలలో నలభై ఆరు డిగ్రీలు దాటినా మా ఊళ్లో దాన్ని వార్తగా ఎవరూ చెప్పుకోరు. అలాంటి ఊరినుంచి జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చినవాణ్ని, ముప్ఫై డిగ్రీలకే రేడియోలో హెచ్చరికలు చదివే దేశాన్ని చూసి నవ్వకుండా ఎలా ఉంటాను చెప్పండి. మొదటి వేసవంతా నవ్వాను. రెండో వేసవిలో ఆ నవ్వు నాలుగు బకెట్ల నీళ్లలో కొట్టుకుపోయింది.

మేముండేది పాతకాలపు ఇంటి పై అంతస్తులో, సరిగ్గా కప్పు కింద. మేమంటే నేనూ, మచిలీపట్నం నుంచి వచ్చిన పాస్టరుగారబ్బాయీ. (వాడికి అసలు పేరు వేరే ఉంది. కానీ వాళ్ల నాన్నగారు పాస్టరు, వీడేమో భోజనానికి ముందు కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసేవాడు. ఆ కాసేపట్లో వాడి కంచంలోని ఆమ్లెట్ సగం నా కంచంలోకి వచ్చేది. అందుకని నాకు ఆ పేరంటేనే ఇష్టం.) మా కింది అంతస్తులో ఇంటావిడ ఉండేది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, వెన్ను మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. వీధిలో పిల్లలంతా ఆవిడను ఓమా అనేవాళ్లు, అంటే అమ్మమ్మ అని. మేమూ చాటుగా ఓమా అనే చెప్పుకునేవాళ్లం. ఎదురుపడితే ఇంటిపేరుకు ముందు 'ఫ్రావ్' తగిలించి, చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం.

ఆ చేతులు కట్టుకోవడానికి కారణముంది. ఓమా ఆ ఇల్లు మాకు ఒక్క ఏడాదికే ఇచ్చింది. మీ పద్ధతి చూసి ఆ తర్వాత ఆలోచిస్తానంది. ఏడాది జూలై ఆఖరుకు నిండుతుంది. ఆగస్టు మొదటి వారంలో మా ఇద్దరికీ వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది, దానికి అద్దె ఒప్పందం కాగితం చూపించి తీరాలి. ఈలోగా ఆవిడ తమ్ముడి మనవరాలు అదే యూనివర్సిటీలో చేరబోతోందని, ఆ పిల్లకు ఈ ఇల్లయితే ఎలా ఉంటుందా అని ఆవిడ చూస్తోందని మాకు తెలిసింది. ఆ ఊళ్లో అప్పటికప్పుడు ఇంకో ఇల్లు దొరకడం కల్ల. అందుకని జూలై నెలంతా మేమిద్దరం పెళ్లిచూపులకు కూర్చున్నవాళ్లలా బతికాం. మెట్లు తుడిచాం. గాజు సీసాలను రంగుల వారీగా విడదీశాం. ఆదివారాలు పోపు పెట్టడం కూడా మానేశాం, ఆవాల చిటపటలు కిందికి వినిపిస్తాయేమోనని.

సరిగ్గా అప్పుడే ఎండలు పట్టుకున్నాయి. ముప్ఫై ఏడు. మధ్యమధ్యలో ఉరుములతో వాన పడేది, ఆగేది, వెంటనే మళ్లీ ఎండ. రోడ్లు ఆవిర్లు కక్కేవి. ఓమా పొద్దున ఆరింటికే కిటికీలన్నీ బార్లా తెరిచి, ఎనిమిది కొట్టగానే మూసేసి, బయటి వైపు రోలాడెన్లు, అంటే కిటికీల మీదికి దించే పలకల తెరలు, నేలదాకా దించేసేది. సాయంత్రం దాకా ఆ ఇంట్లో పట్టపగలే చీకటి. నేను దానికి గబ్బిలాల కొంప అని పేరు పెట్టాను. మా ఇంట్లో మాత్రం అన్ని కిటికీలూ తీసే ఉంచేవాణ్ని. గాలి రావాలి కదా అనేది నా సిద్ధాంతం. వచ్చేది కూడా, పెనం మీంచి వచ్చినట్టు.

ఒకరోజు మెట్ల మీద ఎదురై, మీరూ తెరలు దించుకోండి అని ఓమా చెప్పింది. నాకు కోతలు కోయడానికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? నాకొచ్చిన అరకొర జర్మన్‌లో మా ఊరి నలభై ఆరు డిగ్రీల గురించి, ఆ ఎండలో మేమాడిన క్రికెట్ గురించి చెప్పి, ఈపాటి వేడికి మావాళ్లు స్వెట్టర్లు వేసుకుంటారని ముగించాను. ఆవిడ నవ్వలేదు. ఆ స్వెట్టర్లు ఉన్నివా, నూలువా అని అడిగింది. ఉన్నివే అన్నాను. (వెనక్కి తగ్గే రకం కాదు నేను.) మరి మధ్యాహ్నం పూట మీ ఇంట్లో చల్లదనానికి ఏం చేస్తారని అడిగింది. ఏమీ చేయం, అలవాటైపోయింది అన్నాను.

ఆవిడ "ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు" అని, కూరల సంచీ పట్టుకుని తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

నిజానికి అప్పటికే నా పని అయిపోవచ్చింది. మా ఊరి ఎండ కొడుతుంది, కాలుస్తుంది, కానీ చెమట పట్టగానే ఆరిపోతుంది. ఇక్కడిది ఆరదు. చొక్కా ఒంటికి అతుక్కుని, కళ్లు మండి, పరీక్షకు చదువుకుందామంటే పుస్తకం పేజీలు చేతికి అంటుకునేవి. పాస్టరుగారబ్బాయి మాత్రం కట్ బనీనుతో కిటికీకి దూరంగా, నేల మీద చాప పరుచుకుని కదలకుండా పడుకునేవాడు. సముద్రం పక్కన పెరిగినవాడికి ఉక్క సంగతి తెలుసు. నేను దుప్పట్లు తడిపి గది నిండా తాళ్లకు వేలాడదీస్తుంటే వాడు పడుకునే ఒక కన్ను తెరిచాడు.

"ఒరేయ్, ఇది మీ ఎండ కాదురా, మా ఉక్క. దీనికి నీళ్లు కూడా తోడైతే మనం కుడుముల్లా ఉడికిపోతాం. ఊరికే పడుకో."

బందరువాడు రామగుండంవాడికి ఎండ గురించి చెప్పడమా అని నాకు పౌరుషమొచ్చింది. దుప్పట్లు ఆరలేదు, గది చల్లబడలేదు, గోడలకు కూడా చెమట పట్టింది. అయినా నేను తగ్గలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు నాకు అసలైన మందు గుర్తొచ్చింది. మా ఊళ్లో సాయంత్రమయ్యేసరికి డాబా మీద బకెట్లతో నీళ్లు కొడతారు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది, గంటకల్లా డాబా చల్లబడుతుంది, పక్కలు వేసుకుంటారు. మాకు డాబా లేదు కానీ బాల్కనీ ఉంది. రోజంతా ఎండలో కాలి, గదిలోకి సెగ కొట్టేది అదే. నేల తుడిచే ఎర్ర బకెట్ తీసుకుని, స్నానాల గదికీ బాల్కనీకీ మధ్య తిరగడం మొదలుపెట్టాను. తల మీద తడి తువ్వాలు, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. మా ఊరి డాబా సిమెంటు పలక. ఓమా ఇంటి బాల్కనీ ఇనుప చట్రం మీద పరిచిన చెక్కలు, చెక్కకూ చెక్కకూ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు. ఆ కింద ఓమా బాల్కనీ. ఇక రెండోది, ఆదివారం మధ్యాహ్నం ఆ దేశంలో కాఫీ, కేకుల వేళ. ఓమా ముగ్గురు స్నేహితురాళ్లను పిలిచి, బాల్కనీలో తెల్లటి బల్లగుడ్డ పరిచి, తన చేత్తో చేసిన చెర్రీ కేకును అప్పుడే ముక్కలు కోసింది. మొదటి బకెట్‌కు వాళ్లు వాన అనుకున్నారట. రెండో బకెట్‌కు ఆకాశం చూశారట. మూడోదానితో మా బాల్కనీలో కొన్నేళ్లుగా పోగుపడ్డ పావురాల ఆస్తి మొత్తం కేకు మీదికి దిగింది. నాలుగోది అవసరం లేదు. కానీ నేను ఏ పనీ సగంలో వదలను.

తలుపు కొట్టారు. తీస్తే ఓమా. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో ప్లేటు, ప్లేటులో కేకు, కేకు మీద చెప్పకూడని పదార్థాలు. నా వెనక గదిలో వేలాడుతున్న దుప్పట్లను, బార్లా తెరిచిన కిటికీలను, నా చేతిలో ఖాళీ బకెట్‌ను వరసగా చూసింది. అరిచి ఉంటే ఎంత బాగుండేది. నా కళ్ల ముందు ఆగస్టు టెర్మిన్, సంతకం లేని కాగితం, సూట్‌కేసుతో వీధిలో నేను, అన్నీ ఒకేసారి తిరిగాయి. మా దేశంలో ఇలాగే చేస్తామండీ అని జర్మన్‌లో మొదలుపెట్టాను. క్రియాపదం చివర రావాలి కదా, దానికోసం వెతుకుతుండగా కళ్ల ముందు తిరుగుతున్నవి ఇంకా వేగంగా తిరిగి, రామగుండం వీరుడు నేల మీదికి ఒరిగిపోయాడు.

కళ్లు తెరిచేసరికి చల్లగా ఉంది. చచ్చిపోయి ఎక్కడికో వచ్చాననుకున్నాను. చుట్టూ అరల నిండా జామ్ సీసాలు, ఒక మూల బంగాళాదుంపల గోనె. అది ఓమా నేలమాళిగ. పాస్టరుగారబ్బాయీ, పక్కింటాయనా కలిసి నన్ను కిందికి మోశారట. ఓమా స్నేహితురాళ్లలో ఒకావిడ రిటైరైన నర్సు. నా కాళ్లు చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టించి, ఉప్పు వేసిన కూరగాయల రసం గ్లాసెడు తాగించి, నాడి చూసి, బతుకుతాడు అని తేల్చింది. వాళ్లు నలుగురూ తడిసిన కాఫీ పార్టీని అక్కడే కొనసాగించారు. ఆ మాటల్లో 'స్వెట్టర్' అన్న ముక్క రెండుమూడు సార్లు వినిపించింది, వెంటనే నవ్వులు కూడా.

అప్పుడే నా ఫోన్ మోగింది. ఆదివారం ఆ వేళకు అమ్మ వీడియో కాల్ చేస్తుంది. ఫోన్ పాస్టరుగారబ్బాయి చేతిలో ఉంది, వాడు ఎత్తేశాడు.

"ఏందిరా గా చీకటి, బాయిల దిగినవా?" అంది అమ్మ. (మా దగ్గర బాయి అంటే బొగ్గు గని.)

వాడు ఒక్క ముక్క దాచకుండా మొత్తం చెప్పాడు. అమ్మ కంగారుపడి నా కళ్లు, నాలుక చూపించమంది. మనిషి బాగానే ఉన్నాడని నమ్మకం కుదిరాక గొంతు మారింది.

"కిటికీలు మూసినవా?"

నేను తొట్టిలో ఉన్న నా కాళ్లకేసి చూసుకున్నాను.

"పొద్దుగాల ఎండ ఎక్కకముందే మూసెయ్యాలె, పరదలు దించాలె. పొద్దుగూకే దాక తియ్యద్దు. గింత గూడ తెల్వదా?"

ఏమంటోందని ఓమా అడిగింది. పాస్టరుగారబ్బాయి ప్రసంగానికి పుట్టినవాడు, ప్రతి మాటా జర్మన్‌లోకి దించాడు. ఓమా కాఫీ కప్పును ఫోన్‌కేసి ఎత్తి, గంభీరంగా తల ఊపింది. అటువైపు అమ్మ కూడా ఊపింది. తర్వాత నాకేసి తిరిగి ఇంకో మాట అంది.

"ఇంట్ల ఉన్నన్నొద్దులు కూలర్ల ఒక్క బకెట్ నీళ్లు పొయ్యరా అంటే పొయ్యలే. గాడికి పోయి నాలుగు పోసినవా?"

నవ్వు వస్తుందనుకున్నాను, రాలేదు. సిగ్గేసింది. మా క్వార్టర్‌లో వేసవి మధ్యాహ్నాలు చల్లగా, చీకటిగా, తడి వట్టివేళ్ల వాసనతో ఉండేవి. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని సెల్‌ఫోన్‌లో ఆటలాడుకునేవాణ్ని. ఆ చీకటి దానంతటదే వచ్చేదనుకున్నాను. కిటికీలు మూసిందెవరో, పరదాలు తడిపిందెవరో, రోజుకు మూడుసార్లు కూలర్‌కు బకెట్లు మోసిందెవరో ఎన్నడూ తిరిగి చూడలేదు. ఇక నలభై ఆరు డిగ్రీల్లో క్రికెట్ అంటారా, పొద్దున ఏడింటికి ఆడి ఎనిమిదింటికి ఇంటికొచ్చేవాళ్లం. దేశం దాటి వచ్చి నేను చెప్పుకున్న గొప్పంతా మా అమ్మ పని.

మర్నాడు పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి ఓమా పైకొచ్చింది. మా కిటికీలు ఒక్కొక్కటే మూసి, రోలాడెన్లు దించి, లైటు వేసి, బల్ల మీద ఒక కాగితం పెట్టింది. రెండేళ్ల ఒప్పందం. తమ్ముడి మనవరాలు హాస్టల్లో ఉంటుందట. కాగితం చివర చేత్తో రాసిన షరతు ఒకటి ఉంది. బాల్కనీ మీద నీళ్లు పోయరాదు, ఎండ రోజుల్లో ఎనిమిదింటికల్లా తెరలు దించవలెను.

"మీ అమ్మగారిని చూశాక సంతకం పెట్టాను" అంది వెళ్తూ వెళ్తూ.

ఆగస్టులో వీసా ఆఫీసులో అధికారి ఆ షరతును రెండుసార్లు చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, ఇది మీకు సమ్మతమేనా అని అడిగాడు. సమ్మతమే అన్నాను. ముఖంలో కండరం కదపకుండా ముద్ర వేశాడు.

ఇప్పుడు నేను జర్మనీలోనే ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో, ఎండ పొడ తగలని ఏసీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్నటి వేసవిలో మళ్లీ అలాంటి ఉక్క పట్టుకుంది. పొద్దున ఎనిమిదింటికల్లా నేనే ఇల్లంతా తిరిగి తెరలు దించుతున్నాను. ఆరేళ్ల మా అమ్మాయి, బొమ్మ గీసుకోవడానికి వెలుతురు లేదని జర్మన్‌లో సణిగి, మీ ఊళ్లో ఇంతకంటే వేడి కదా నాన్నా, అప్పుడు నువ్వేం చేసేవాడివి అని అడిగింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. స్వెట్టర్, క్రికెట్ నాలుక చివరిదాకా వచ్చేశాయి. వంటింట్లోంచి మా ఆవిడ నాకేసి చూసింది. (ఈ కథ ఆవిడకు పాస్టరుగారబ్బాయి మా పెళ్లిలోనే చెప్పేశాడు.)

"నేనేం చేయలేదమ్మా," అన్నాను, "మా అమ్మ కిటికీలు మూసేది."

అది సరేనన్నట్టు తల ఊపి, దీపం దగ్గరికి జరిగి బొమ్మ గీసుకోసాగింది. తల మీద తడి తువ్వాలుతో, చేతిలో ఎర్ర బకెట్‌తో తిరిగిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నాలో నేను నవ్వుకున్నాను. వాడి మీద కోపం రాలేదు, కాస్త జాలే వేసింది. సాయంత్రం ఎండ తగ్గాక బాల్కనీలోకి వెళ్లి, పూలకుండీలకు చెంబుతో నీళ్లు పోశాను. కింద ఎవరైనా కేకు తింటున్నారేమోనని ఒకసారి తొంగిచూసి మరీ.